చూసిన పిట్టకు ఒక వరస: నల్లరేగడి ఊళ్లలో పక్షుల పట్టిక రాసుకోవడం ఎలా

ఏళాయిరంపన్నై నుంచి కోవిల్‌పట్టి పోయే దారిలో కరెంటు తీగ మీద ఒక పిట్ట కూర్చుని ఉంటుంది. రెక్కలు ముడుచుకుని ఉన్నప్పుడు మట్టిరంగులో, పెద్దగా కంటికి ఆనదు. ఎగిరిందంటే మాత్రం రెక్కల్లో నీలం భగ్గుమంటుంది. ఇంట్లో అవ్వ దాన్ని పాలపిట్ట అంటుంది. బడికి పోయే మనవరాలు పనంగాడై అంటుంది. కాలేజీలో చదివే అన్న ఇండియన్ రోలర్ అంటాడు. ముగ్గురూ ఒకే పిట్టను చూశారని ముగ్గురికీ తెలియదు.

మన ఇళ్లలో తెలుగు ఎంత మిగిలిందో లెక్క వేసేటప్పుడు పాటలు, పెళ్లి తంతులు, వంటలు గుర్తుకొస్తాయి. పిట్టల పేర్లు ఎవరికీ గుర్తు రావు. చుట్టరికాల పేర్లు రోజూ నోట్లో నలుగుతాయి కాబట్టి నిలుస్తున్నాయి. పిట్ట పేరు అలా కాదు, పిట్టను చూపించి చెప్పేవాళ్లుంటేనే అది పిల్లలకు చేరుతుంది. చేను మానేసి అగ్గిపెట్టెల ఫ్యాక్టరీకో, సాత్తూరులో ఆఫీసుకో పోయే నాయన ఆ పని చేయలేకపోతున్నాడు. అందుకే ఈసారి ఒక చిన్న అలవాటు గురించి రాస్తున్నాం. ఇంగ్లీషులో దీన్ని లైఫ్ లిస్ట్ అంటారు. పుట్టినప్పటి నుంచి మనం చూసిన పక్షిజాతులన్నిటినీ, ఒక్కో జాతికి ఒక్కో వరస చొప్పున, రాసుకునే పట్టిక అది.

లోకంలో ఈ పట్టికల పిచ్చి ఎంత దూరం పోయిందో ముందు చెప్పుకుందాం. అమెరికాలో ఫీబీ స్నెట్‌సింగర్ అనే గృహిణికి 1981లో డాక్టర్లు పుట్టకురుపు ముదిరిందని, ఏడాది కూడా బతకదని చెప్పారు. ఆమె ఆస్పత్రిలో పడుకోకుండా పిట్టల కోసం దేశాలు పట్టి తిరిగింది. 8,000 జాతులు దాటి చూసిన మొదటి మనిషి ఆమే. చివరికి 1999లో మడగాస్కర్‌లో వ్యాను ప్రమాదంలో పోయింది, జబ్బుతో కాదు. 2024 ఫిబ్రవరిలో పీటర్ కేస్ట్‌నర్ అనే మరో అమెరికన్ 10,000 మైలురాయిని చేరాడు. లోకంలో ఉన్నవి మొత్తం సుమారు 11,000 జాతులు. మన దేశంలో 1,300కు పైన ఉన్నాయి. ఆ పరుగు మనకు అక్కర్లేదు, అంత డబ్బూ లేదు. మన చెరువు గట్టు మీద, మన చేను గట్టు మీద మొదలుపెడితే చాలు.

పట్టికకు కావలసినవి మూడే: పేరు, మొదటిసారి చూసిన తేదీ, చూసిన చోటు. మన ఇళ్లకు ఇంకో రెండు గడులు కలపమంటాం. ఒకటి తెలుగు పేరు, రెండోది ఆ పేరు ఎవరి నోట విన్నామన్నది. తమిళ పేరు మరో గడిలో రాయండి. ఇక్కడ తమిళం మన బయటి భాష కాదు, వీధి భాష, చాలామందికి రాసే భాష కూడా అదే. రెండు పేర్లూ పక్కపక్కన పెడితే కొన్ని తమాషాలు బయటపడతాయి.

ఉదాహరణకు కొంగ సంగతి చూడండి. మన ఇళ్లలో తెల్లగా, పొడుగు కాళ్లతో నీళ్ల దగ్గర నిలబడితే అది కొంగే. పట్టిక రాయడం మొదలుపెట్టిన వాళ్లకు మొదటి వారంలోనే ఆ ఒక్క మాట నాలుగైదు ముక్కలవుతుంది. దున్నే ట్రాక్టరు వెనక, మేసే ఆవు వెనక నడిచేది, పసుపు ముక్కుది, ఒకటి. పశువుల ఒంటి మీది ఉణ్ణెలు ఏరుకుని తింటుందని తమిళంలో దానికి ఉణ్ణిక్కొక్కు అని పేరు. ముక్కు నల్లగా, కాళ్లు నల్లగా ఉండి పాదాలు మాత్రం పసుపు రంగులో, మేజోళ్లు తొడుక్కున్నట్టు ఉంటే అది చిన్నకొంగ. మెడ పాములా వంచి నిలువెత్తు నిలబడేది పెద్దకొంగ. ఈ రెండిటికీ నడుమ ఎత్తులో ఇంకొకటి ఉంది, దాన్ని పోల్చడానికి మాకు రెండేళ్లు పట్టింది. ఇక ఐదోది గట్టు మీద మట్టిలో మట్టిగా కూర్చుంటుంది. దగ్గరికి పోయినా కదలదు, కాలు పడబోతుందనగా లేస్తుంది. లేచిన క్షణం రెక్కలు తెల్లగా మెరుస్తాయి. దీనికి కళ్లు కనపడవేమో అనుకుని తెలుగులో గుడ్డికొంగ అన్నారు. తమిళంలోనూ కురుట్టుక్కొక్కు అనే అంటారు. ఎవరి దగ్గర ఎవరు నేర్చుకున్నారో గాని, రెండు భాషలవాళ్లూ ఆ గట్టు మీదే నిలబడి ఒకే మాట అనుకున్నారు.

మరికొన్ని జతలు రాసి పెడుతున్నాం, ఇంట్లో పెద్దవాళ్ల దగ్గర సరిచూసుకోండి. జెముడు కాకిని తమిళంలో సెంబోత్తు అంటారు. నల్లగా, ఇటుకరంగు రెక్కలతో, కంచె మొదట్లో బరువుగా నడుస్తుంది. ఎగరడానికి బద్ధకం దానికి. చితవపిట్ట, తీతువు అని మనవాళ్లు అనేది ఆళ్కాట్టి. మనిషి అడుగు పడగానే అరిచి ఊరంతటికీ చెప్పేస్తుంది, తమిళ పేరుకు అర్థమే అది. పసిరిక పిట్ట అంటే పంజురుట్టాన్. గిజిగాడు అంటే తూక్కణాంగురువి, బావి మీదికి వంగిన తుమ్మకో, తాటిమట్టకో గూళ్లు వేలాడదీసేది. తలమీద విసనకర్ర లాంటి జుట్టుతో నేల పొడుచుకుంటూ తిరిగే కూకుడుగువ్వ కొండలాత్తి. కౌజుపిట్ట కౌదారి, పూరేడు కాడై. ఈ చివరి రెండిటి పేర్లు మాత్రం మన పెద్దవాళ్లకు బాగా గుర్తున్నాయి. కారణం దాచడం ఎందుకు, మన తాతల పట్టిక కుండలో ఉండేది. 1972 వన్యప్రాణి చట్టం వచ్చాక వీటిని పట్టడం నేరం. పంజరంలో రామచిలుకను పెంచడం కూడా నేరమే, ఈ సంగతి ఇంకా చాలామందికి తెలియదు.

ఈ పేర్లను కాగితం మీద పెట్టే పని మనకంటే ముందు ఒక దొర చేశాడు. థామస్ జెర్డన్ అని మద్రాసు సైన్యంలో వైద్యుడు, నెల్లూరులో కొంతకాలం ఉన్నాడు. 1862 నుంచి 1864 దాకా వెలువడిన తన పెద్ద గ్రంథం ‘ది బర్డ్స్ ఆఫ్ ఇండియా’లో పిట్ట వర్ణనతో పాటు హిందీ, తమిళం, తెలుగు పేర్లను కూడా వీలైనచోటల్లా చేర్చాడు. వేటగాళ్లను, పిట్టలు పట్టేవాళ్లను అడిగి రాసుకున్న పేర్లవి. నూట అరవై ఏళ్ల కిందటి తెలుగు పిట్టల పేర్లు కొన్ని ఈ రోజు మనకు దొరుకుతున్నాయంటే అందులో ఆయన చెయ్యి ఉంది.

జెర్డన్ పేరుతోనే ఇంకో కథ ఉంది. 1848లో ఆయన మన తెలుగు నేల మీద, కంపచెట్ల నడుమ రాత్రిపూట తిరిగే ఒక చిన్న పక్షిని గుర్తించాడు. 1900 తర్వాత అది ఎవరికీ కనపడలేదు. అంతరించిపోయిందని పుస్తకాలవాళ్లు కొట్టేశారు. 1986 జనవరిలో కడప జిల్లాలో మళ్లీ దొరికింది. బొంబాయి నేచురల్ హిస్టరీ సొసైటీ మనుషులు బొమ్మ పట్టుకుని పల్లెల్లో అడుగుతూ తిరిగారు. అక్కడి ఒక పిట్టలవేటగాడు, నాకు తెలుసన్నాడు, రాత్రి లైటు వేసి పట్టి చూపించాడు. దానికి అక్కడివాళ్లకు పేరు కూడా ఉంది, కలివికోడి. కలివిపొదల్లో తిరుగుతుంది కాబట్టి ఆ పేరు. దాని కోసమే లంకమల అభయారణ్యం ఏర్పడింది. పుస్తకంలో చచ్చిపోయిన పిట్ట, ఊళ్లో పేరుతో సహా బతికే ఉంది. మీ అవ్వ చెప్పే పేరు ఏ పుస్తకంలోనూ లేదని కొట్టేయకండి, విన్నది విన్నట్టు రాసుకోండి.

మాటలు ఏరడంలో మన ప్రాంతానికి ఇంకా దగ్గరి మనిషి ఉన్నాడు. కోవిల్‌పట్టి పక్క ఇడైసేవల్‌లో తెలుగు ఇంట పుట్టిన కి. రాజనారాయణన్ తమిళంలో రాశారు. నల్లరేగడి పల్లెల్లో వాడే మాటలన్నిటినీ పోగుచేసి ఒక నిఘంటువు వేశారు. 1991లో సాహిత్య అకాడమీ బహుమతి వచ్చింది ఆయన నవలకు. 2021లో పోయారు. ఊరి మాటకు అకారాది క్రమం వేయవచ్చని చూపిన మనిషి మన మధ్యే ఉండేవారు. పిట్టల విషయంలో ఇంటింటా ఆ పని చిన్న ఎత్తున చేయవచ్చు.

ఇక రాయడం దగ్గరికి వద్దాం. ఉదయం ఆరు, ఆరున్నరకు గడప ముందు పదిహేను నిమిషాలు కూర్చోండి. బైనాక్యులర్ లేకపోయినా మొదటి నెలకు ఫరవాలేదు. ఊరకాకి, మాలకాకి వేరువేరని మొదట తెలుస్తుంది. మెడ బూడిదరంగులో ఉంటే ఊరకాకి, ఒళ్లంతా నల్లగా ముక్కు లావుగా ఉంటే మాలకాకి. గోరింక, పిగిలిపిట్ట, ఊరపిచ్చుక, తీగ మీద చీలిన తోకతో కూర్చునే ఏట్రింత, గువ్వలు రెండు రకాలు, పైన తిరిగే గద్ద, మెడ తెల్లటి గరుడపక్షి. ఊరు దాటకుండానే ముప్పై వరసలు నిండుతాయి. ఆ తర్వాత చెరువు, ఆ తర్వాత చేను.

నియమాలు పెద్దగా లేవు, ఉన్నవి కచ్చితంగా పాటించాలి. పిట్ట బతికి ఉండాలి, స్వేచ్ఛగా ఉండాలి. పంజరంలోది, జూలోది లెక్కకు రాదు. మీ కళ్లతో చూసి, మీరే పోల్చుకోవాలి. పక్కవాడు ‘అదిగో పోయింది’ అన్నది మీ పట్టికలోకి రాదు. అరుపు విని మాత్రమే గుర్తుపట్టినదాన్ని కొందరు చేర్చుకుంటారు, కొందరు చేర్చరు. మేము పక్కన ‘వి’ అని గుర్తు పెట్టి చేరుస్తాం. అనుమానం ఉంటే ప్రశ్న గుర్తు పెట్టి వదిలేయండి. మొదటి ఏడాది మేము ఉత్సాహం కొద్దీ ఒక డేగను రాసేశాం. ఛాతీ మీద చారలు, పొడవైన తోక, చెట్టు కొమ్మల్లో దూరిన తీరు, అన్నీ సరిపోయాయి. నెల తర్వాత అదే చెట్టులోంచి అదే పిట్ట కూసింది. ఆడ కోకిల అది. వరస కొట్టేశాం, కానీ కాగితం చింపలేదు. కొట్టివేతలు లేని పట్టికను మేము అంతగా నమ్మం.

ఒక చిక్కు కూడా చెప్పాలి. పట్టిక మన చేతిలో ఉన్నా జాతుల లెక్క శాస్త్రజ్ఞుల చేతిలో ఉంటుంది. ఒక జాతి అనుకున్నది రెండని తేలుస్తారు, రెండనుకున్నవి ఒకటని కలిపేస్తారు. పైన చెప్పిన ఉణ్ణిక్కొక్కును ఈ మధ్యే తూర్పుది, పడమరది అని విడదీశారు. మనది తూర్పుది. మీరు ఆఫ్రికా పోయి అక్కడి కొంగను కూడా చూసి ఉంటే, ఇంట్లో కూర్చునే ఒక వరస పెరిగినట్టు. కాగితం మీద రాసేవాళ్లు దిద్దుకోవాలి. కార్నెల్ పక్షిశాస్త్ర కేంద్రం నడిపే ఈబర్డ్‌లో రాస్తే అదే దిద్దుకుంటుంది. ఈబర్డ్ ఉచితం, 2002 నుంచి నడుస్తోంది, ఫోనులో పనిచేస్తుంది. రోజువారీ చూసినవి ఎన్ని పిట్టలో అంకెతో సహా ఎక్కిస్తే మీ లైఫ్ లిస్ట్ దానంతట అదే తయారవుతుంది. ఫోనులో ఎక్కించినా నోటుబుక్కు మానకండి, అవ్వ చెప్పిన పేరు, ఎవరితో కలిసి చూశారో ఆ సంగతి అందులోనే ఉంటాయి.

మన నేలకు చలికాలమే పండగ. ఐప్పసి, కార్తీక వానలకు కణ్మాయిలు నిండుతాయి. వెంబకోట్టై ఆనకట్ట నీళ్లలో నీటికాకులు, ఎర్రకాళ్ల కొంగలు దిగుతాయి. సోళక్కురువి, సూరైక్కురువి అని తమిళంలో పిలిచే గులాబీరంగు గోరింకలు అప్పటికే వచ్చేసి ఉంటాయి. మధ్య ఆసియా గడ్డిమైదానాల్లో పిల్లలు చేసుకుని, ఆగస్టు, సెప్టెంబరు నుంచి మన వైపు గుంపులుగా వచ్చి ఏప్రిల్‌కు పోతాయి. జొన్న, సజ్జ కంకుల మీద పడతాయని రైతుకు కోపం. మిడతలను కూడా అంతే కసిగా తింటాయన్నది చాలామంది చూడరు. కోత కోసిన నల్లరేగడి మీద మనిషి ఎత్తులో, రెక్కలు పైకి ఎత్తి పట్టి తేలుతూ పోయే పిల్లిగద్దలు కూడా ఆ వైపు నుంచే వస్తాయి. అవి చెట్టెక్కి పడుకోవు, పొద్దుగూకితే గడ్డిలో నేల మీదే గుంపుగా పడుకుంటాయి. అందుకే బయలు కావాలి వాటికి. బయలంతా సీమకరువేలం కమ్ముకుంటే వాటికి చోటు లేదు. ఆ చెట్టు బొగ్గు కాల్చే ఇళ్లకు కూడు పెట్టింది, నిజమే. వానంబాడి, పిల్లిగద్ద, పూరేడు లాంటి బయలు పిట్టల వరసలు మీ పట్టికలో ఏ ఏడు ఆగిపోయాయో చూస్తే ఆ చెట్టు ఏం తీసుకుందో కూడా తెలుస్తుంది.

సెలవు రోజున కాస్త దూరం పోగలిగితే పడమర శ్రీవిల్లిపుత్తూరు కొండలు, అక్కడ మన మైదానంలో లేని అడవిపిట్టలు. దక్షిణాన నాంగునేరి దగ్గర కూందన్‌కుళం. 1994లో అభయారణ్యం అయింది, 2022లో రామ్‌సర్ గుర్తింపు వచ్చింది. హిమాలయాలు దాటి వచ్చే చారల తల బాతులను అక్కడ చూడవచ్చు. ఊరి నడుమ వేపచెట్ల మీద, ఇళ్ల పక్కనే ఎర్రకాళ్ల కొంగలు గూళ్లు కడతాయి. ఊళ్లోవాళ్లు వాటిని బెదరగొట్టరు, దీపావళికి టపాసులు కాల్చరు. శివగంగ జిల్లాలో వేట్టంగుడి పక్క కొల్లుకుడిపట్టివాళ్లు కూడా అంతే. 1977లో అక్కడ అభయారణ్యం పెట్టారు. టపాసులు చేసి బతికే ఊళ్లవాళ్లం మనం, ఈ మాట రాయడానికి చెయ్యి కాస్త వెనకాడింది. అయినా కణ్మాయి గట్టు మీద గూళ్లున్న నెలల్లో అక్కడ కాల్చకుండా ఊరి మైదానంలో కాల్చుకోవడానికి ఎవరి కూలీ పోదు.

పట్టికలో రాయలేని పిట్టల గురించి కూడా చెప్పాలి. కోవిల్‌పట్టికి పడమరగా కళుగుమలై ఉంది. కొండలో చెక్కిన వెట్టువాన్‌కోయిల్ చూడటానికి పోతాం, మురుగన్ గుడికి పోతాం. కళుగు అంటే రాబందు. జటాయువు అన్న సంపాతి అక్కడ పూజ చేశాడని స్థలపురాణం. పేరు ఉంది, కొండ ఉంది, రాబందు లేదు. చెంగల్‌పట్టు దగ్గరి తిరుక్కళుక్కుండ్రంలో రోజూ మధ్యాహ్నం ప్రసాదం తినడానికి దిగే తెల్లరాబందుల జంట కూడా 1990ల చివరలో రావడం మానేసింది.

దేశమంతటా జరిగిందిదే. పశువులకు నొప్పులు తగ్గడానికి డైక్లోఫెనాక్ అనే మందు వేసేవారు. ఆ మందు ఒంట్లో ఉండగా చచ్చిన పశువును తిన్న రాబందుకు మూత్రపిండాలు పాడై చచ్చిపోయేది. సంగతి 2004లో తేలింది, 2006లో పశువులకు ఆ మందును నిషేధించారు. 1992 నుంచి 2007 లోపల తెల్లనడుము రాబందుల్లో నూటికి 99కి పైగా పోయాయి. తమిళనాడులో ఇప్పుడు నీలగిరి కింద మోయారు లోయ వైపు పోతేనే కనపడతాయి. ఆ ఏళ్లలో మన ఊళ్లలో ఎవరైనా ఏటేటా రాసిపెట్టి ఉంటే ఏ సంవత్సరం చివరి రాబందు కనపడిందో చెప్పగలిగేవాళ్లం. ఎవరూ రాయలేదు. చచ్చిన ఎద్దును ఊరి బయట పడేస్తే ఒక పూటలో ఎముకలు మిగిలేవని చెప్పే తాతలు మాత్రం ఉన్నారు.

అందుకే కొత్త పట్టిక మొదటి పేజీ పిల్లలది కాకుండా పెద్దవాళ్లది కావాలంటాం. తాతను, అవ్వను కూర్చోబెట్టి, మీరు చిన్నప్పుడు ఏ పిట్టలు చూశారో చెప్పమని అడగండి. తేదీ ఉండదు. ‘మా పెళ్లికి ముందు’, ‘పెద్ద కరువు ఏడు’ అని చెబుతారు, అలాగే రాయండి. ఈబర్డ్‌లో కూడా తేదీ సరిగా లేని పాత చూపులను ఎక్కించే వీలుంది. ఆ పేజీ మీ లెక్కలో కలపకండి, అది వాళ్ల లెక్క. విడిగా ఉంచండి.

పొంగలుకు అందరూ ఊరికి వస్తారు. 2015 నుంచి తమిళనాడు అంతటా పొంగల్ పక్షుల లెక్క నడుస్తోంది, పండగ నాలుగు రోజులూ ఎక్కడైనా పదిహేను నిమిషాలు నిలబడి చూసినవన్నీ ఎక్కించడమే. తిరునెల్వేలి వైపు తామ్రపర్ణి నీటిపక్షుల లెక్క 2011 నుంచి జనవరిలోనే జరుగుతోంది. చెన్నై నుంచి, కోయంబత్తూరు నుంచి వచ్చిన మనవళ్లకు మాట్టుపొంగలు ఉదయం వేరే పని ఏముంటుంది గనక. ఒక నోటుబుక్కు, ఒక పెన్సిలు, జేబులో రెండు కోవిల్‌పట్టి కడలైమిఠాయిలు. అవ్వను కూడా గట్టు దాకా నడిపించుకుని పోండి. ఆమెకు చూపు ఆనకపోయినా అరుపు విని పేరు చెబుతుంది, ఆ వరసకు పక్కన ‘వి’ అని రాసుకోండి.